నాయన కూలింగ్ గ్లాసులు, మాలస్ గారి కొసైన్ స్క్వేర్

పోయిన సంక్రాంతికి ఊరికెళ్తూ నాయనకి ఒక జత కళ్ళద్దాలు కొనుక్కెళ్ళాను. ఆ కళ్ళద్దాల పుణ్యమా అని ఈ నెల రోజులుగా కాంతి చరిత్ర చదువుతున్నాను. అందులో కొంత మీతో పంచుకుందామని ఈ టపా.

మాది సోమందేపల్లి. బెంగళూరు-హైదరాబాద్ హైవే మీద, పెనుకొండకి దగ్గర. (వోల్వోలో నిద్రపోతూ మీలో చాలామంది మా ఊరు దాటేసే ఉంటారు :-)) నాయన మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచుతాడు. గూళ్ళు తయారైనప్పుడల్లా తెల్లవారుజామునే లేచి, ఎక్సెల్ బండికి మూటలు కట్టుకుని హిందూపురం మార్కెట్ కి పోతాడు. ఎదురొచ్చే లారీల లైట్లు కళ్ళల్లో కొడుతున్నాయని చాలా రోజులుగా అంటున్నాడు. నేను బెంగళూరులో ఒక షాపులో అడిగితే "పోలరైజ్డ్ సార్, నైట్ డ్రైవింగ్ కి సూపర్" అన్నాడు. కొనేశాను. కొడుకు తెచ్చాడని నాయన మురిసిపోయాడు కూడా.

రెండు వారాల తర్వాత ఫోన్.

"ఏమిరా, నువ్విచ్చిన అద్దాలు పెట్టుకుంటే లారీ లైటు తగ్గింది గానీ, రోడ్డు గూడా తగ్గిపాయ గదరా!"

సంగతేంటంటే, రోడ్డు పక్కన వెనక లైటు లేకుండా ఆపిన ట్రాక్టర్ ట్రాలీ ఆయనకి ఆఖరి క్షణం దాకా కనపడలేదు. బండి పక్కకి తిప్పి మట్టిలో పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, ఒక మూటలో గూళ్ళు నలిగిపోయాయి. అంతటితో పోయింది. అమ్మ మాత్రం ఫోన్ లాక్కుని నన్ను కడిగేసింది.. "ఇంజనీరువి గదరా, అది చీకట్లో పెట్టుకునేదా కాదా అని తెలీదా నీకు?"

తెలుసు. బాధ అదే. ఇంటర్ లో మాలస్ నియమం చదివాను, ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ ల్యాబ్ లో పోలరైజర్ తిప్పి రీడింగులు కూడా తీశాను (పక్కోడి రికార్డు చూసి రాశాను అనుకోండి, అది వేరే విషయం). I = I₀ cos²θ. ఫార్ములా నోటికి వచ్చు. అది నాయన కళ్ళకి ఏం చేస్తుందో మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ముందు నా తప్పు లెక్కేసి చూద్దాం. సూర్యుడి కాంతి, బల్బు కాంతి, లారీ హెడ్ లైటు.. ఇవన్నీ మామూలు కాంతి. అంటే వాటి కంపనాలు ప్రయాణ దిశకి అడ్డంగా అన్ని వైపులా ఉంటాయి. పోలరైజింగ్ ఫిల్టర్ ఒక్క దిశలో కంపించే భాగాన్నే పోనిస్తుంది. కాబట్టి ఎంత మంచి ఫిల్టర్ అయినా మామూలు కాంతిలో సగమే బయటికొస్తుంది. నిజం ఫిల్టర్లలో సగం కూడా రాదు, పైగా కూలింగ్ గ్లాసుకి రంగు కూడా ఉంటుంది. ఇప్పుడు లారీ లైటు సగమయింది. బాగానే ఉంది. కానీ నాయన బండి లైటు రోడ్డు మీద పడి తిరిగొచ్చే ఆ కాస్త వెలుతురు కూడా సగమయింది. రెండింటి నిష్పత్తి మారలేదు. లారీ లైటు సగమైనా ఇంకా బోలెడు మిగులుతుంది, చీకట్లో ఉన్న ట్రాలీ నుంచి వచ్చే కాంతి సగమైతే ఇంకేం మిగలదు. దానికి తోడు వయసు పెరిగేకొద్దీ కంటిపాప చీకట్లో చిన్నప్పుడు విచ్చుకున్నంతగా విచ్చుకోదు. అంటే అసలే తక్కువ కాంతి అందే కంటికి నేను ఇంకా కోత పెట్టాను.

మరి ఈ ఫిల్టర్ ఎందుకు పనికొస్తుంది? దీనికి జవాబు తెలియాలంటే రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. మొదటి హీరో మనలాంటి వాడే. ఇంజనీరు.

కథ నిజానికి ఇంకా ముందే మొదలైంది. 1669లో డెన్మార్క్ లో బార్తొలిన్ అనే ఆయన ఐస్ లాండ్ నుంచి వచ్చిన ఒక స్ఫటికాన్ని (కాల్సైట్) అక్షరాల మీద పెట్టి చూస్తే ప్రతి అక్షరం రెండుగా కనిపించింది. ఇదే ద్వివక్రీభవనం. కాంతి తరంగమని వాదించిన హైగెన్స్ 1690లో తన పుస్తకంలో దీన్ని చాలావరకు వివరించాడు. కానీ ఒక స్ఫటికంలోంచి వచ్చిన కాంతిని రెండో స్ఫటికంలోంచి పంపి, దాన్ని తిప్పుతూ పోతే, రెండు బొమ్మల్లో ఒకటి వెలుగుతూ ఇంకోటి ఆరిపోతోంది. ఎందుకో తనకి అంతుబట్టలేదని హైగెన్స్ నిజాయితీగా రాసుకున్నాడు. ఆ బగ్ వందేళ్ళకి పైగా అలాగే ఓపెన్ లో ఉండిపోయింది.

దాన్ని మళ్ళీ తెరిచింది ఎతియెన్ లూయీ మాలస్. ఫ్రెంచ్ సైన్యంలో ఇంజనీరు. నెపోలియన్ తో ఈజిప్ట్ దండయాత్రకి వెళ్ళి, అక్కడ జబ్బు పడి, ఆరోగ్యం పాడు చేసుకుని తిరిగొచ్చినవాడు. 1808లో ఒక సాయంత్రం పారిస్ లో తన ఇంట్లోంచి కాల్సైట్ ముక్కతో ఎదురుగా ఉన్న లక్సెంబర్గ్ ప్యాలెస్ కిటికీ అద్దాలని చూస్తున్నాడు. వాటి మీద అస్తమించే సూర్యుడి ప్రతిబింబం పడుతోంది. రెండు బొమ్మలు కనిపించాలి కదా. స్ఫటికాన్ని తిప్పుతుంటే ఒకటి మసకబారి ఇంకోటి వెలిగింది, ఇంకా తిప్పితే అటుది ఇటు అయ్యింది. అంటే హైగెన్స్ చూసిన వింత చెయ్యడానికి మొదటి స్ఫటికం అక్కర్లేదు. అద్దం మీద పడి తిరిగొచ్చిన కాంతి కూడా చాలు! ఆ రాత్రే కొవ్వొత్తి వెలుగుతో నీళ్ళ మీదా, గాజు మీదా చూసి ఖాయం చేసుకున్నాడని చెప్తారు.

ఎంత కోణం తిప్పితే ఎంత కాంతి మిగులుతుందో చెప్పే నియమం కూడా ఆయనదే, 1809 నాటిది. ఒకసారి ధ్రువణం చెందిన కాంతి రెండో ఫిల్టర్ మీద పడితే, రెండు అక్షాల మధ్య కోణం 0 అయితే పూర్తిగా వస్తుంది, 30 డిగ్రీలైతే 75 శాతం, 45 అయితే 50, 60 అయితే 25, 90 అయితే సున్నా. 'పోలరైజేషన్' అన్న పేరు పెట్టింది కూడా ఆయనే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. మాలస్ కాంతిని కణాలుగానే నమ్మాడు. అయస్కాంతంలా ఆ కణాలకి ధ్రువాలు ఉంటాయని, అవన్నీ ఒక వైపు తిరుగుతాయని ఆయన ఊహ. అందుకే ఆ పేరు. కాంతి అడ్డంగా కంపించే తరంగమని ఫ్రెనెల్ గట్టిగా చెప్పింది తర్వాత పదేళ్ళకి పైగా గడిచాక. అంటే థియరీ తప్పు, ఫార్ములా కరెక్ట్! ప్రొడక్షన్ లో ఎందుకు పనిచేస్తుందో తెలియకుండానే నడుస్తున్న కోడ్ మనం ఎంత చూడలేదు :-). పాపం మాలస్ ఆ వివరణ చూడకుండానే 1812లో క్షయతో పోయాడు. 36 ఏళ్ళు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనది ఒకటి.

ఇప్పుడు నాయన కళ్ళద్దాలు ఎందుకు పనికొస్తాయో చెప్పొచ్చు. నీళ్ళ మీద, అద్దం మీద, తడి రోడ్డు మీద ఏటవాలుగా పడి తిరిగొచ్చే ఎండలో కంపనాలు ఎక్కువగా ఆ ఉపరితలానికి సమాంతరంగా, అంటే అడ్డంగా ఉంటాయి. ఏ కోణంలో ఇది పూర్తిగా జరుగుతుందో 1815లో బ్రూస్టర్ లెక్క చెప్పాడు, నీళ్ళకైతే సుమారు 53 డిగ్రీలు. కూలింగ్ గ్లాసులో ఫిల్టర్ అక్షం నిలువుగా ఉంటుంది. మామూలు కాంతి సగం తగ్గితే, ఆ మెరుపు మాత్రం దాదాపు మొత్తం పోతుంది. తేడా అదీ! ఫిల్టర్ గొప్పతనం కాంతిని తగ్గించడంలో లేదు, ఒక రకాన్ని ఇంకో రకం కంటే ఎక్కువ తగ్గించడంలో ఉంది. నేరుగా కంట్లోకి వచ్చే హెడ్ లైటు ఏ వైపూ మొగ్గని కాంతి. దాని మీద ఈ ఫిల్టర్ కి పట్టు లేదు.

కావాలంటే మీరే చూడండి. ఎల్సీడీ మానిటర్ నుంచి వచ్చేది ధ్రువణ కాంతి. పోలరైజ్డ్ కళ్ళద్దాన్ని దాని ముందు మెల్లగా తిప్పితే ఒక కోణంలో స్క్రీన్ నల్లగా అయిపోతుంది. కొన్ని ఫోన్లతో కూడా ఇంతే, కూలింగ్ గ్లాసు పెట్టుకుని ఫోన్ అడ్డంగా తిప్పితే ఆరిపోయినట్టుంటుంది. అలా నల్లగా ఉన్నప్పుడు మధ్యలో ఇంకో పోలరైజ్డ్ అద్దాన్ని 45 డిగ్రీల వాలుగా దూర్చండి. అడ్డం ఇంకోటి పెడితే ఇంకా నలుపు కావాలి కదా? కాదు, వెలుతురు వస్తుంది! లెక్క సింపులే. స్క్రీన్ కాంతి మధ్య ఫిల్టర్ దగ్గర సగమవుతుంది, కానీ దాని దిశ 45 డిగ్రీలు తిరుగుతుంది. చివరి ఫిల్టర్ కి అది ఇప్పుడు 90 కాదు, 45. మళ్ళీ సగం. మొత్తం పావు వంతు బయటికొస్తుంది. ఒకే ఫిల్టర్ బదులు 9 డిగ్రీల చొప్పున పది ఫిల్టర్లు మెట్లు మెట్లుగా పెడితే (అన్నీ ఆదర్శ ఫిల్టర్లు అనుకుంటే) 78 శాతం వస్తుంది. మన మానిటర్ లోపల జరిగేదీ ఇలాంటిదే. రెండు ఫిల్టర్ల మధ్య ద్రవ స్ఫటికం కూర్చుని, వోల్టేజిని బట్టి కాంతి దిశని మారుస్తుంది. రోజుకి పది గంటలు మనం చూసేది మాలస్ నియమాన్నే అన్నమాట.

ధర్మవరంలో మా మామ మగ్గం నేస్తాడు. ఆయన దగ్గర ఒక పట్టు పోగు తీసుకుని అడ్డంగా పెట్టిన రెండు ఫిల్టర్ల మధ్య వాలుగా పట్టాను. నల్లటి బ్యాక్ గ్రౌండ్ మీద పోగు ఒక్కటే తళతళా మెరిసింది. పట్టుకి కూడా కాల్సైట్ లాగా ద్వివక్రీభవనం ఉంది మరి. "అయితే కల్తీ పట్టు కనుక్కోవచ్చు గదా అల్లుడా" అన్నాడు మామ వెంటనే. లేదు మామా, పాలిస్టర్ పోగు కూడా ఇలాగే వెలుగుతుంది :-(

సరే, మరి రాత్రి హెడ్ లైట్ల బాధకి ధ్రువణంతో మందే లేదా? ఉంది. ఒకాయన చాలాకాలం దాని వెనక పడ్డాడు కూడా. ఎడ్విన్ లాండ్, అమెరికా. పోలరాయిడ్ కంపెనీ పెట్టినాయన. అంతకుముందు ధ్రువణానికి వాడేది నికోల్ ప్రిజమ్. 1828లో ఎడిన్‌బరోలో విలియం నికోల్ రెండు కాల్సైట్ ముక్కలు అతికించి చేసింది. చిన్నది, ఖరీదైనది. 1852లో హెరాపత్ అనే ఇంగ్లీషు డాక్టరు, క్వినైన్ తిన్న కుక్క మూత్రంలో అయోడిన్ పడితే ఏర్పడిన ఆకుపచ్చ స్ఫటికాలు కాంతిని ధ్రువణం చేస్తాయని కనిపెట్టాడు (నిజంగానే!). కానీ పెద్ద స్ఫటికం పెంచడం చేతకాలేదు. హార్వర్డ్ చదువు మధ్యలో వదిలేసిన లాండ్, పెద్దది ఎందుకు, కోట్ల కొద్దీ చిన్నవాటిని ఒకే దిశలో పేర్చితే చాలు కదా అనుకున్నాడు. 1929లో పేటెంట్ కి అప్లై చేశాడు. 1938 నాటికి స్ఫటికాలు కూడా వదిలేసి, ప్లాస్టిక్ షీటుని సాగదీసి అయోడిన్ పట్టించే పద్ధతి వచ్చింది. ఇవాళ్టి ఎల్సీడీ ఫిల్టర్ల మూలం కూడా అదే.

లాండ్ అసలు కల మాత్రం కార్ల హెడ్ లైట్లు. ప్రతి బండి హెడ్ లైటుకీ, డ్రైవర్ ముందున్న అద్దానికీ ఒకే వైపు 45 డిగ్రీల వాలుగా ఫిల్టర్ పెట్టాలి. ఎదురొచ్చే బండి మనకి తిరగబడి ఉంటుంది కాబట్టి దాని ఫిల్టర్ మన ఫిల్టర్ కి సరిగ్గా 90 డిగ్రీలవుతుంది. మాలస్ ప్రకారం సున్నా. మన లైటు వెలుగు మాత్రం మనకి కనిపిస్తుంది. ఎంత అందమైన డిజైనో! కానీ అమల్లోకి రాలేదు. మొదటి కారణం ఆ సగం లెక్కే. హెడ్ లైటు సగానికి పైగా కోల్పోతుంది, తిరిగొచ్చేది ఇంకోసారి తగ్గుతుంది, కాబట్టి చాలా పవర్ ఉన్న దీపాలు కావాలి. రెండోది మనకి బాగా తెలిసిన సమస్య. రోడ్డు మీద బళ్ళన్నీ ఒకేసారి అప్ గ్రేడ్ అయితే తప్ప ఎవరికీ లాభం లేదు. కార్ల కంపెనీలు ఒప్పుకోలేదు. లాండ్ కళ్ళద్దాలు, త్రీడీ సినిమా, ఇన్‌స్టంట్ కెమెరా వైపు వెళ్ళిపోయాడు. నాయన సమస్యకి సరైన జవాబు ఎప్పుడో దొరికింది, అమలే కాలేదు.

ఇక మనవాళ్ళ సంగతి. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించిన భాగం ఇదే.

సర్ సి.వి. రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలో అయినా, చిన్నప్పటి చదువు విశాఖపట్నంలో. వాళ్ళ నాన్న అక్కడ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. 1921లో రామన్ ఇంగ్లండ్ నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగొస్తున్నాడు. సముద్రం నీలంగా ఉండడానికి కారణం ఆకాశం ప్రతిబింబమే అని లార్డ్ రేలీ అప్పటికే చెప్పేశాడు. రేలీ అంటే మాటలా, నోబెల్ గ్రహీత. రామన్ జేబులో చిన్న నికోల్ ప్రిజమ్ ఉంది. ఆకాశం ప్రతిబింబం పూర్తిగా ధ్రువణం అయ్యే కోణంలో నిలబడి, ప్రిజమ్ తిప్పి, ఆ ప్రతిబింబాన్ని ఆర్పేశాడు. రేలీ చెప్పింది నిజమైతే నీలం పోవాలి. పోలేదు, ఇంకా చిక్కగా కనిపించింది. అంటే ఆ నీలం నీటి లోపల కాంతి చెదరడం వల్ల వస్తోంది. ఓడ బొంబాయి చేరగానే నేచర్ పత్రికకి ఉత్తరం రాశాడు. అక్కడ మొదలైన పరిశోధనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ దాకా వచ్చింది. అప్పుడూ ధ్రువణమే సాక్ష్యం. రామన్, కృష్ణన్ చూసిన ఆ మసక వెలుగు ధ్రువణం చెంది ఉంది, కాబట్టి అది మామూలు ఫ్లోరెసెన్స్ కాదు, కొత్త రకం పరిక్షేపణం అని వాదించగలిగారు.

అదే 1928లో కలకత్తాలో రామన్ దగ్గర చేరాడు ఒక తెలుగు కుర్రాడు. సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివినవాడు. 1931లో రామన్, భగవంతం కలిసి ఒక పేపర్ వేశారు. దాని విషయం, ఫోటాన్ కి స్పిన్ ఉందని ప్రయోగంతో నిరూపించడం. వాళ్ళు కొలిచింది ఏమిటో తెలుసా? చెదిరిన కాంతిని ధ్రువణ దిశల వారీగా విడదీసి, బలమైన దాని తీవ్రతతో పోలిస్తే బలహీనమైన దాని తీవ్రత ఎంత అని. అంతే. ఆ నిష్పత్తిని థియరీ లెక్కతో పోల్చి, ఫోటాన్ కి ఒక యూనిట్ స్పిన్ ఉండాలని వాదించారు. 1936లో అమెరికాలో బెత్ అనే ఆయన, దారానికి వేలాడదీసిన క్వార్ట్జ్ బిళ్ళని వృత్తాకార ధ్రువణ కాంతి మెలితిప్పడం నేరుగా కొలిచాడు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఆ ప్రయోగం. దానికి ఐదేళ్ళ ముందు ఒక తెలుగువాడి పేరుతో వచ్చిన పేపర్ సంగతి నా పదహారేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు.

భగవంతం 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో చేరాడు. కాంతి పరిక్షేపణం మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1940లో ఆ యూనివర్సిటీయే అచ్చేసింది. తర్వాత ఉస్మానియా వైస్ చాన్సలర్, 1957 నుంచి 62 దాకా బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి. డైరెక్టర్, ఆ తర్వాత రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్. 1989లో పోయారు. తమాషా ఏమిటంటే ఆయన పేరు మా వైపు పెద్దవాళ్ళకి బాగానే తెలుసు. పుట్టపర్తి మాకు పక్కనే కదా. సత్యసాయిబాబా తెలుగు ఉపన్యాసాలని ఇంగ్లీషులోకి చెప్పిన భగవంతం గారిగా తెలుసు. "ఆయప్ప సైంటిస్టు గూడానా?" అన్నాడు నాయన నేను చెప్తే. ఆయన్ని అని ఏం లాభం, ఫిజిక్స్ లో మార్కులు తెచ్చుకున్న నాకే ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాక తెలిసింది.

ఒక ఫార్ములాని మార్కుల కోసం బట్టీ పట్టినప్పుడు అది ఎవరు, ఏం చూసి, ఎందుకు రాశారో వదిలేస్తాం. ఇంతకాలం దానివల్ల నష్టమేంటిలే అనుకునేవాణ్ణి. నష్టం నాయన మోచేతి మీద కనపడింది. మాలస్ కిటికీ అద్దం కథో, రామన్ ఓడ కథో క్లాసులో ఒక్కసారి విని ఉంటే, ఫిల్టర్ పని 'తగ్గించడం' కాదు 'ఏరివేయడం' అని నాకు గుర్తుండిపోయేది. షాపువాడి మాటకి తలూపేవాణ్ణి కాదు.

మొన్న ఊరికెళ్ళి రిపేరు పనులు చేశాను. నాయన కళ్ళు చెక్ చేయిస్తే శుక్లం మొదలైందన్నారు, హెడ్ లైట్లు అంతగా చెదిరి కనిపించడానికి అది కూడా ఒక కారణమట. బండి లైటు మార్పించాను, వెనక రేడియం స్టిక్కర్లు అంటించాను. రాత్రిపూట ఆ గ్లాసులు ముట్టుకోనని అమ్మ ఆయన దగ్గర మాట తీసుకుంది.

కానీ పారేయలేదు. సాయంత్రం చెరువు కట్ట మీద కూర్చున్నాం. ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తోంది. గ్లాసులు పెట్టుకోమన్నాను. ఒక నిమిషం చూసి "ఓరి, నీళ్ళలో చాపపిల్లలు కనిపిస్తాండాయి గదరా!" అన్నాడు. తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. తల ఒక పక్కకి వంచమన్నాను. మెరుపు మళ్ళీ వచ్చి చేపలు మాయం. తల నిటారుగా పెట్టగానే మళ్ళీ ప్రత్యక్షం. చీకటి పడేదాకా అదే పని :-)

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరైనా 'నైట్ డ్రైవింగ్' అని చెప్పి ఇలాంటివి అంటగట్టారేమో ఒకసారి చూడండి. పోలరైజ్డ్ అయినా, ఉత్త రంగు అద్దాలైనా సరే. పగలు చెరువు కట్ట మీద బ్రహ్మాండంగా పనిచేస్తాయి. రాత్రి రోడ్డు మీద మాత్రం వద్దు.